తలుపు కొనేముందు ద్వారబంధాన్ని చదవండి

ఇంటికి కొత్త తలుపు పెట్టించాలనుకున్నప్పుడు మొదట సాగే చర్చ చెక్క మీద. టేకా, వేపా, ఫ్లష్ డోరా, పీవీసీనా, పాలిష్ పెట్టించాలా, రంగు వేయించాలా, ఎంతలో తెమలాలి. కొలత సంగతి చివరికి వస్తుంది. అదీ ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఏడడుగులు, మూడడుగులు. ఆ ఒక్క ముక్క దగ్గరే డబ్బు, పని రెండూ చెడుతున్నాయన్నది ఈ పూట నేను చెప్పదలచుకున్న మాట. గోడలో నిలబడి ఉన్న ద్వారబంధం రెండంకెల్లో ఇమిడేది కాదు. దాన్ని తెలుసుకోవడానికి కనీసం తొమ్మిది అంకెలు కావాలి. దుకాణానికి పోయి బయానా ఇవ్వకముందే వాటిని రాసుకోవాలి. కొలిచేదెవరో, తేడా వస్తే భరించేదెవరో కూడా అప్పుడే తేల్చుకోవాలి. చేయి తిరిగిన వడ్రంగికి ఇందులో కొత్త ఏమీ లేదు. పేర్ణాంబట్టు, గుడియాత్తం, వేలూరు చుట్టుపక్కల పాత ఇళ్ళను బాగుచేయించుకుంటున్న గృహస్థుల కోసం ఈ మాటలు.

మన తాతల కాలంలో ఈ జాగ్రత్త ఇంతగా అవసరపడలేదు. వాళ్ళ గోడలు మనవాటికంటే సూటిగా ఉండేవని కాదు, తలుపు తయారయ్యే తీరు వేరు. వడ్రంగి ఇంటి ముందరే నీడ చూసుకుని పని పెట్టుకునేవాడు. రెక్కను కాస్త ఎక్కువగానే కోసి, ద్వారబంధంలో ఆనించి చూసి, ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ చిత్రిక పట్టి, మళ్ళీ ఆనించేవాడు. గుమ్మం ఎంత వంకరగా ఉంటే రెక్కా అంత వంకరగా తయారయ్యేది. చూసేవాళ్ళ కంటికి మాత్రం చక్కగా కుదిరినట్టే ఉండేది. ఇవాళ తలుపు కార్ఖానాలో పుట్టి లారీలో వస్తోంది. ఫ్లష్ డోరునే తీసుకోండి. రెండు వైపులా పలచని చెక్క పొరలు, నడుమ చిన్న చిన్న చెక్క ముక్కలు పేర్చి అంటించిన పొట్ట, అంచుల వెంట సన్నటి గట్టి చెక్క పట్టీ. చిత్రిక పట్టే వీలు ఆ పట్టీ ఉన్నంతవరకే. అది దాటి కోస్తే లోపలి ముక్కలు బయటపడతాయి, తేమ ఎక్కుతుంది, పొరలు లేచిపోతాయి. బోలుగా ఉండే పీవీసీ తలుపుకైతే అంచు కోయడమంటే బలం తీసేయడమే. సర్దుబాటు చేసే పని ఒకప్పుడు ఉలిది, చిత్రికది. ఇప్పుడు ఆ భారమంతా టేపు మీద పడింది. కొలత తప్పితే కాపాడేందుకు వెనక ఇంకేమీ లేదు.

రెండో చిక్కు, కొలమానాలది. బజారులో అడుగులు, అంగుళాలు నడుస్తాయి. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్కలు మిల్లీమీటర్లలో ఉంటాయి. చెక్క ద్వారబంధాలకు ఐఎస్ 4021, పలకల తలుపులకు ఐఎస్ 1003, ఫ్లష్ తలుపులకు ఐఎస్ 2202 అనే ప్రమాణాలున్నాయి. ఆ పద్ధతిలో 9 డీఎస్ 21 అని రాశారంటే, 100 మిల్లీమీటర్లను ఒక పాలుగా పెట్టుకుని, గోడలో వదిలే ఖాళీ వెడల్పు 9 పాళ్ళు, ఎత్తు 21 పాళ్ళు, తలుపు ఒంటి రెక్కది అని అర్థం. అంటే ఖాళీ 900, 2100 మి.మీ. దానికి పట్టే రెక్క మాత్రం 800, 2005 మి.మీ. వెడల్పులో 100, ఎత్తులో 95 మి.మీ. మేర ద్వారబంధపు చట్టాలు, నేల పరుపు, వదలాల్సిన సందులు తినేస్తాయి. తలుపు ఎంత అని అడిగితే మేస్త్రీ గోడ ఖాళీ చెబుతాడు, ఇంటాయన ద్వారబంధం బయటి కొలత చెబుతాడు, దుకాణదారు రెక్క కొలత చెబుతాడు. ముగ్గురూ నిజమే చెప్పినా తలుపు పట్టదు. దీనికి తోడు అడుగుల్లోకి మార్చడంలో వచ్చే తేడా. ఏడడుగులంటే 2133.6 మి.మీ. 2100 ఉన్నదాన్ని ఏడడుగులే లెండి అనేస్తే అక్కడికక్కడే అంగుళంపావుకు మించిన తేడా. మూడడుగులకూ 900 మి.మీ.కూ మధ్య 14 మి.మీ. తేడా. అందుకని కాగితం మీద మిల్లీమీటర్లలోనే రాసుకోవడం మేలు. అంగుళాల్లో మాట్లాడే వడ్రంగి కోసం పక్కన అంగుళాలు, నూళ్ళు వేసివ్వచ్చు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. ఒక నూలంటే మూడు మి.మీ.కు కొంచెం పైన.

ఇక ద్వారబంధం దగ్గరికి వద్దాం. ఎదురుగా నిలబడితే రెండు నిలువు చట్టాల మధ్య ఖాళీ కనిపిస్తుంది. చాలామంది టేపు పెట్టేది అక్కడే. రెక్క కూర్చునేది అక్కడ కాదు. చట్టం లోపలి అంచున మెట్టులాగా ఒక గాడి తీసి ఉంటుంది, దాన్నే రిబేటు అంటారు. మూసినప్పుడు రెక్క ఆ గాడిలో ఒదుగుతుంది. గాడి ఒక్కో వైపు అర అంగుళం నుంచి 15 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి, బయటి మొహాల మధ్య కొలిచి తెచ్చిన తలుపు అంగుళం, అంగుళంపావు తక్కువ పడుతుంది. కొలత గాడి లోపలి నుంచి గాడి లోపలికి తీయాలి. ఏళ్ళ తరబడి పేరుకున్న రంగు పొరలను ముందు గీకేయాలి, లేకపోతే రంగును కూడా కొలిచినట్టే. గాడిలో రెక్క మందం ఇమిడే చోటును వేరుగా కొలవాలి. ఫ్లష్ తలుపులు ప్రమాణం ప్రకారం 25, 30, 35 మి.మీ. మందాల్లో దొరుకుతాయి. 30కి తీసిన గాడిలో 35 మందం రెక్క పెడితే 5 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది, బందులు కూర్చునే చోటు మారిపోతుంది. మరీ పాత ఇళ్ళలో ఇనుప బందులే ఉండవు. రెక్క పైనా కిందా పొడుచుకొచ్చిన చెక్క కొనలు పై చట్టంలోనూ గడపలోనూ తొలిచిన గుంటల్లో తిరుగుతాయి. అలాంటి చోట గాడి ఉందా, రెక్క చట్టం వెనక మొహానికి ఆనుతోందా అన్నది చూడకుండా కొలత మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు ఆ తొమ్మిది అంకెలు. వెడల్పు మూడు చోట్ల తీయాలి: పై చట్టం కింద, నడుమ, గడప దగ్గర. ఎత్తు మూడు చోట్ల: ఎడమన, నడుమ, కుడిన. మూల నుంచి మూలకు రెండు కర్ణాలు. తొమ్మిదోది ఇందాక చెప్పిన గాడి మందం. ఇన్నెందుకు అని అడగచ్చు. ఒకటి పట్టే తప్పును ఇంకోటి పట్టలేదు గనుక. వెడల్పు 800, ఎత్తు 2000 మి.మీ. ఉన్న ద్వారబంధం పైభాగం 10 మి.మీ. పక్కకు ఒరిగిందనుకోండి. వెడల్పు మూడు చోట్లా 800 అనే చూపిస్తుంది. రెండు నిలువు చట్టాలూ కలిసే ఒరిగాయి కదా. ఆ ఒరుగుడును పట్టేవి కర్ణాలు: ఒకటి 2158, ఇంకోటి 2150 మి.మీ. దగ్గరికి వచ్చి, 7 మి.మీ.కు పైగా తేడా బయటపడుతుంది. పోనీ కర్ణాలు చాలు, వెడల్పులెందుకంటారా? పైన 795, కింద 805 ఉండి, రెండు వైపులా సమంగా విచ్చుకున్న ద్వారబంధానికి కర్ణాలు రెండూ సమానంగానే వస్తాయి. ఆ తప్పును వెడల్పులే చెప్పాలి. దీర్ఘచతురస్రపు కర్ణానికీ భుజాలకూ ఉన్న లెక్కను బౌధాయన శుల్బసూత్రం యజ్ఞవేదికల కొలతల కోసం చెప్పింది. మూడు, నాలుగు, అయిదు అడుగుల తాడుతో మేస్త్రీ ఇవాళ పునాది మూల తీసేదీ ఆ లెక్కతోనే. ఇంటికి మూల చూసుకునే మనం గుమ్మానికి మూల చూసుకోకుండా ఎలా వదిలేస్తాం?

అంకెలు వచ్చాక వాటిని వాడే పద్ధతి సులువు. వెడల్పుల్లో అన్నిటికంటే చిన్నది, ఎత్తుల్లో అన్నిటికంటే చిన్నది తలుపును నిర్ణయిస్తాయి. చిన్నదానిలోంచి పక్కలకు, పైకి ఒక్కో నూలు సందు తీసేయాలి. పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా ఒక నూలు లోపుంటే నిశ్చింతగా కొనచ్చు. రెండు నూళ్ళయితే మంచి వడ్రంగి సర్దగలడు. అంతకు మించితే తలుపు మాట పక్కన పెట్టి ముందు ద్వారబంధానికి మరమ్మతు చేయించాలి. సందు ఎందుకంత అంటే, అది అందానికి వదిలేది కాదు. 900 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. మందం ఉన్న రెక్క తిరిగేటప్పుడు దాని లోపలి మూల, బందు వైపు అంచు నుంచి లెక్కవేస్తే, 900.7 మి.మీ. దూరంలో తిరుగుతుంది. సందు బొత్తిగా లేకపోతే రెక్క మూసిన చోటే ఇరుక్కుంటుంది. వడ్రంగులు గొళ్ళెం వైపు అంచును కొద్దిగా ఏటవాలుగా చిత్రిక పట్టేది అందుకే.

ఎత్తు దగ్గర మన వైపు ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్ర సిమెంటు నేలో, కడప బండలో ఉన్న గదిలో పాతది తవ్వకుండా పైనే టైల్స్ పరుస్తారు. సిమెంటూ టైలూ కలిసి నేల అంగుళం, అంగుళమున్నర లేస్తుంది. తలుపు కొలత ముందు తీసి, టైల్స్ తర్వాత వేస్తే కొత్త తలుపు అడుగు కోయక తప్పదు. వరుస మార్చాలి: నేల ముగిశాక కొలత, కొలత తర్వాత తలుపు. ఇంకా చూడాల్సింది, కొత్తగా కట్టే లోపలి గదులకు గడప ఉండడం లేదు. గడప లేని చోట రెక్క అడుగు నేరుగా నేల మీద తిరుగుతుంది. అప్పుడు గుమ్మం దగ్గర ఎత్తు కొలిస్తే చాలదు, రెక్క గదిలోకి ఎంత మేర తిరుగుతుందో అంత మేరా నేల మట్టం చూడాలి. లోపలికి పోయేకొద్దీ నేల నాలుగు మి.మీ. లేచి ఉంటే, మూసినప్పుడు బాగున్న తలుపు సగం తెరిచేసరికి టైలును గీస్తుంది.

టేపుతో తేలనివి రెండున్నాయి. మొదటిది నిలువు. తూకం గుండు వేలాడదీసి, బందులు ఉండే చట్టాన్ని రెండు దిక్కుల్లో చూడాలి. గోడ వెంబడి ఆ చట్టం 2000 మి.మీ. ఎత్తుకు 10 మి.మీ. ఒరిగి ఉంటే, 900 మి.మీ. వెడల్పు రెక్కకు గొళ్ళెం వైపు అంచు నాలుగున్నర మి.మీ. పైకో కిందకో పోతుంది. గదిలోకో బయటికో ఒరిగి ఉంటే తలుపు వదిలిన చోట నిలవదు; తనంతట తానే తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. రెండోది మెలి. రెండు చట్టాలూ విడివిడిగా నిలువుగా కనిపించినా ఒకే తలంలో లేకపోవచ్చు. అలాంటప్పుడు తిన్నని రెక్క మూడు మూలల్లో ఆని, నాలుగో మూల ఎడంగా నిలుస్తుంది. దీన్ని పట్టడానికి రెండు దారాలు చాలు. మూల నుంచి మూలకు అడ్డంగా రెండు దారాలు బిగించి కట్టి, నడుమ అవి ఒకదాన్నొకటి తాకుతున్నాయో లేదో చూడాలి. తాకితే మెలి లేదు. ఎడంగా ఉన్నా, ఒకటి ఇంకోదాన్ని నొక్కి వంచుతున్నా మెలి ఉన్నట్టే.

టేపును కూడా గుడ్డిగా నమ్మకూడదు. దాని కొనన ఉన్న కొక్కెం కొంచెం కదులుతుంది. అది లోపమని కొందరు సుత్తితో కొట్టి బిగించేస్తారు. ఆ కదలిక కావాలనే పెట్టింది. లోపలి కొలతకు నొక్కినప్పుడు, బయటి కొలతకు లాగినప్పుడు కొక్కెం మందం లెక్కలో సరిపోవాలి కదా. నొక్కి లోపలి కొలత తీసేటప్పుడు టేపు మూలలో వంగి నిలుస్తుంది, అంకె ఊహించి చదవాల్సివస్తుంది. అక్కడే రెండు మూడు మి.మీ. జారిపోతాయి. దీనికి పాత వడ్రంగుల ఉపాయం ఇంకా మంచిది. రెండు సన్న బద్దలను ఒకదాని మీద ఒకటి జరిపి, రెండు కొనలూ గాడులకు ఆనేదాకా సాగదీసి, అతికే చోట గీత గీస్తారు. ఆ కొలకర్రనే తలుపు మీద పెట్టి చూస్తారు. అంకె లేదు కాబట్టి అంకె తప్పు చదివే ప్రమాదమూ లేదు.

ఇన్నిటికి ఎదురు వాదాలు లేకపోలేదు. మొదటిది: ఇదంతా ఎందుకు, పాత తలుపునే కొలిస్తే సరిపోదా? సరిపోదు. పాత రెక్క ఇరవై ముప్ఫై ఏళ్ళలో ఎన్నోసార్లు చిత్రిక పట్టించుకుని ఉంటుంది. బందులు వదులై వాలి, అడుగు అరిగి ఉంటుంది. దాన్ని కొలవడమంటే ఆ మరమ్మతులన్నిటినీ కొత్త తలుపులోకి ఎక్కించడమే. పాత రెక్క నుంచి తీసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: ఏ వైపు తెరుచుకుంటుంది, బందుల గుంటలు చట్టంలో ఏ ఎత్తున ఉన్నాయి, తాళం చట్టంలో ఎక్కడ పడుతోంది. రెండో వాదం: కొంచెం చిన్న తలుపు తెచ్చి, సందులో బద్ద కొట్టేస్తే పోలా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. బద్ద కొట్టిన వైపు బందులైతే మరలు ఆ సన్న బద్దలోనే దిగుతాయి, బరువంతా దాని మీదే పడుతుంది. గొళ్ళెం వైపైతే తాళం నాలుక చట్టంలో తగినంత లోతుకు పోదు. ఇంటి ముందు తలుపుకు అది భద్రత సంగతి కూడా.

మూడో వాదం కొంచెం బరువైనది. వేసవిలో కొలిస్తే ఏం లాభం, ఐప్పసి నెల వానలకు చెక్క ఉబ్బితే కొలతలన్నీ తారుమారే కదా? వేలూరు ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు గాలిని తడిపేస్తాయి. చెక్క ఉబ్బడం నిజమే. అయితే ఎటు ఉబ్బుతుందన్నది చూడాలి. చెక్క దాని నార పొడవునా దాదాపు మారదు, నారకు అడ్డంగా మారుతుంది. ద్వారబంధం వెడల్పును నిలబెట్టేది పై చట్టం పొడవు, దాని వెనక గోడ. కాబట్టి ఆ కొలత ఏ నెలలో తీసినా ఇంచుమించు ఒకటే. మారేది రెక్క. టేకులో తేమ ఒక శాతం మారితే నారకు అడ్డంగా వెడల్పు సుమారు 0.2 శాతం మారుతుంది. తేమ నాలుగు శాతం పెరిగిందనుకుంటే, నిలువు పలకలు పక్కపక్కన చేర్చి చేసిన 900 మి.మీ. రెక్క 7 మి.మీ. దాకా ఉబ్బుతుంది. చట్రంలో పలకలు బిగించిన రెక్కలో వెడల్పు నారకు అడ్డంగా పడి, ఆ ఉబ్బు బయటికి తెలిసేది రెండు పక్కల నిలువు పట్టెలకే. అవి రెండూ కలిసి 200 మి.మీ. ఉంటే ఉబ్బు ఒకటిన్నర మి.మీ.తో ఆగుతుంది. నడుమ పలకలు గాడుల్లో కదిలే వీలుతో కూర్చుంటాయి. ఒక నూలు సందు ఆ రెక్కకు సరిపోతుంది, పలకలు చేర్చిన రెక్కకు సరిపోదు. కాబట్టి చెక్క ఉబ్బుతుందన్న మాట కొలతను మానుకోవడానికి సాకు కాదు. ఏ రకం తలుపుకు ఎంత సందు వదలాలో లెక్కవేసుకోవడానికి కారణం.

నాలుగో వాదం: ద్వారబంధం వంకరగా ఉంటే దాన్నీ తలుపునూ కలిపి మార్చేస్తే పోతుంది కదా? అమెరికాలో, ఐరోపాలో తలుపును ద్వారబంధానికి ముందే బిగించి, రెండింటినీ కలిపి అమ్ముతారు. అక్కడ గోడ ఖాళీని కొలుస్తారు. మన వైపూ అలాంటివి వస్తున్నాయి. చెదలు తిన్న చట్టానికైతే అదే దారి. స్క్రూడ్రైవరు మొనతో నిలువు చట్టాల అడుగును గుచ్చి చూస్తే చెక్క గట్టిగా ఉందో, గుల్లయిందో తెలిసిపోతుంది. గుల్లయిన దానికి ఎంత మంచి కొలత తీసినా వృథా. గట్టిగా ఉన్న ద్వారబంధాన్ని పెరకడం మాత్రం వేరే సంగతి. ఇటుక కట్టుబడిలోకి పోయిన పట్టీలను కోయాలి, పూత ఊడుతుంది, టైల్స్ పగులుతాయి, పై బరువు సంగతి చూసుకోవాలి. పైగా తెలుగు ఇళ్ళలో ద్వారబంధం ముహూర్తం చూసి, పసుపు కుంకాలు పెట్టి నిలబెట్టినది. గడపకు ఇప్పటికీ పూజ జరుగుతుంది. దాన్ని తీయించడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవడంలో మూఢత్వం వెతకనక్కర్లేదు. ద్వారబంధం ఇంటితో పాటు ఉండేది, రెక్క కాలంతో మారేది అనే విభజన పనితనం రీత్యా కూడా సరైనదే. నిలిచేదాన్ని కొలిచి, మారేదాన్ని దానికి తగ్గట్టు తెచ్చుకోవాలి.

మిగిలింది బాధ్యత. దుకాణదారు మీరు చెప్పిన కొలతే ఇచ్చానంటాడు, వడ్రంగి తెచ్చిన తలుపే బిగించానంటాడు, ఇంటాయన నాకేం తెలుసంటాడు. ఈ ముగ్గురి మధ్య నష్టం ఎప్పుడూ ఇంటాయన మీదే పడుతుంది. దీనికి మందు పెద్ద ఒప్పందాలు కావు, ఒక చిన్న కాగితం. తలుపు బిగించబోయే వడ్రంగి చేతే కొలిపించాలి, ఆ కొలతకు విడిగా కూలి ఇవ్వాలి. ఊరికే కొలిపించుకుంటే ఊరికే కొలిచినట్టే ఉంటుంది. తొమ్మిది అంకెలు, ఏ వైపు తెరవాలి, రెక్క మందం ఎంత, తేదీ, కొలిచినవారి సంతకం. దుకాణంలో బిల్లు మీద గోడ ఖాళీ కాకుండా రెక్క కొలతే రాయించాలి. ఇంతకు ఖర్చయ్యేది ఒక గంట, ఒక పూట కూలిలో కొంత. తప్పు తలుపును వెనక్కి పంపడానికి బండి కిరాయే అంతకంటే ఎక్కువ.

ఆ కాగితాన్ని తలుపు పెట్టాక పారేయకండి. గుమ్మం కొలతలు గోడ సంగతి కూడా చెబుతాయి. 2021 నవంబరు వానల్లో పేర్ణాంబట్టులో ఒక ఇల్లు కూలి, పిల్లలతో సహా తొమ్మిది మంది చనిపోయారు. ఏదో తలుపు చూసుకుని ఉంటే అది ఆగేదని నేను అనను. అంత తేలిగ్గా అనే మాట కాదది. పునాది కుంగినప్పుడు, గోడ జరిగినప్పుడు ఆ కదలిక మొదట తెలిసేది చాలాసార్లు తలుపులు, కిటికీల దగ్గరే అన్నది మాత్రం నిజం. నిన్నటిదాకా బాగా పడిన గొళ్ళెం హఠాత్తుగా పడకపోయినా, ద్వారబంధం మూల నుంచి గోడ మీదికి ఏటవాలుగా బీట పాకినా, ఆ పాత కాగితం తీసి కర్ణాలు మళ్ళీ కొలవండి. అంకెలు మారక, బీటా లేకపోతే అది చాలావరకు చెక్క ఉబ్బు, వడ్రంగితో పోతుంది. అంకెలు మారినా, బీట ఉన్నా వడ్రంగిని కాదు, ఇంజనీరును పిలవాలి. కొలత రాసి ఉంచుకోని ఇంట్లో ఈ రెండింటికీ తేడా తెలిసే దారే లేదు.